686-3 డైరీ: పాత రివాల్వర్‌ను గాడిలో పెట్టడం

పని ఇదీ: ఒక పాత స్మిత్ అండ్ వెసన్ 686-3 కొనడం, లోపలి కొలతలు తీయడం, శుభ్రం చేయడం, 25 గజాల దూరంలో కాగితం టార్గెట్ మీద నమ్మకంగా పనిచేసేలా చేయడం. నాలుగు అంగుళాల బ్యారెల్ (గొట్టం), ఆరు ఛాంబర్ల (తూటా గదుల) సిలిండర్, స్టెయిన్‌లెస్ స్టీలు, .357 మ్యాగ్నమ్. ఊరు టెక్సస్‌లో, డాలస్ పక్క.

ఈ మోడలే ఎందుకంటే బరువు, వాడుక రెండూ కలిసొస్తాయి. 1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్ కేసు (తూటా ఇత్తడి గొట్టం), పాత .38 స్పెషల్ కేసు కంటే 0.135 అంగుళం పొడవు. బుల్లెట్ వ్యాసం ఒకటే. కాబట్టి .357 రివాల్వర్‌లో .38 కాల్చుకోవచ్చు, .38 రివాల్వర్‌లో .357 పట్టదు. రోజువారీ సాధనకు .38 చవక, తన్ను (కాల్చినప్పుడు చేతికి తగిలే దెబ్బ) తక్కువ. ఇదే కంపెనీ మోడల్ 19 ఇంతకంటే తేలిక, చేతికి ఇంకా అందంగా అమరుతుంది. కానీ యోక్ (సిలిండర్‌ను పక్కకు తెరిచే చెయ్యి) పట్టడం కోసం దాని బ్యారెల్ వెనక చివర అడుగుభాగాన్ని చదునుగా కోశారు. అక్కడ లోహం పలచన. 125 గ్రెయిన్ల (గ్రెయిన్ బుల్లెట్ బరువు కొలత) బలమైన మ్యాగ్నమ్ తూటాలు ఎక్కువగా కాల్చినవాటిలో సరిగ్గా అక్కడే పగులు వచ్చేది. 1980ల మొదట్లో ఎల్-ఫ్రేమ్ (ఇంకాస్త పెద్ద చట్రం) తెచ్చింది ఆ లోటు తీర్చడానికే. 686 ఆ ఫ్రేమ్‌దే.

కాగితాలు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు రివాల్వర్ కంటే ముందు తమ వీసా చూసుకోవాలి. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4, బి-2, ఏ నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళయినా తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అందరూ వాడేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఊరి నుంచి చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలను సరదాగా రేంజికి తీసుకెళ్ళి చేతికి రివాల్వర్ ఇచ్చి ఫొటో తీయడం చాలామంది చేస్తున్నారు. వాళ్ళకూ ఇదే చట్టం వర్తిస్తుంది. తుపాకీ నేరాలు దేశం నుంచి పంపించేయడానికి కారణమవుతాయి కాబట్టి గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

గ్రీన్‌కార్డుదారులు, పౌరులు లైసెన్సున్న డీలర్ దగ్గర కొనాలంటే చేతి తుపాకీకి 21 ఏళ్ళు నిండాలి. తుపాకీ కొనుగోలు ఫారం 4473 నింపాలి. గ్రీన్‌కార్డు మీది ఏ-నంబరు, ఇప్పటి చిరునామా ఉన్న ఐడీ కావాలి. ఫెడరల్ పూర్వచరిత్ర తనిఖీ జవాబు మూడు రకాలు: సరే, ఆలస్యం, కుదరదు. ఆలస్యం వచ్చిందంటే కంగారు పడనక్కర్లేదు, మన పేర్లతో కలిసే పేర్లు బోలెడు. అసలు కొనుగోలుదారు మీరేనా అనే ప్రశ్నకు మాత్రం అబద్ధం చెప్పకూడదు. వీసా అడ్డొచ్చిన స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనడం నేరం. ఆన్‌లైన్‌లో కొన్నా సరుకు ఇంటికి రాదు, డీలర్ దగ్గరికే వస్తుంది, ఈ తంతంతా అక్కడే జరగాలి.

కౌంటర్ దగ్గర

జేబులో ఉండాల్సినవి: ఫీలర్ గేజ్, చిన్న టార్చి, ఆరు స్నాప్ క్యాప్‌లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు), భూతద్దం. ఫీలర్ గేజ్ మోటార్‌సైకిల్ ట్యాపెట్లు సరిచూసేదే, 0.0015 అంగుళం నుంచి రేకులున్నది తీసుకోవాలి. ఏది చేసే ముందయినా అడగాలి. డ్రై ఫైర్‌కు (తూటా లేకుండా ట్రిగ్గర్ లాగడానికి) ఒప్పుకోని షాపులో హ్యామర్‌ను, అంటే వెనక ఉండే సుత్తిని, నెమ్మదిగా కాక్ చేసి (వెనక్కి లాగి నిలిపి), బొటనవేలితో ఆపుకుంటూ దింపితే సరిపోతుంది.

సిలిండర్ తెరవగానే యోక్ కింద ఫ్రేమ్ మీద మోడల్ నంబరు కనిపిస్తుంది. 686 అని మాత్రమే ఉన్నా, 686-1 అని ఉన్నా పక్కన ‘ఎం’ అక్షరం కొట్టి ఉందో లేదో చూడాలి. 1987లో కంపెనీయే వీటిని వెనక్కి పిలిచింది. కొన్ని తూటాలతో ప్రైమర్ (తూటా అడుగున మంట పుట్టించే టోపీ) లోహం ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను కొట్టే మొన) రంధ్రంలోకి పొంగి సిలిండర్ బిగుసుకునేది. ఆ రంధ్రం చుట్టూ ఉండే బుషింగ్ మార్చాక ఆ ముద్ర వేశారు. మనది 686-3, అంటే ఆ గొడవ తర్వాతది, 2001లో లోపలి తాళం కోసం రంధ్రం రాకముందుది.

ఇక టైమింగ్, అంటే ప్రతి ఛాంబర్ సమయానికి బ్యారెల్‌కు ఎదురుగా నిలవడం. స్నాప్ క్యాప్‌లు అవసరమయ్యేది ఇక్కడే. ఈ తరం సిలిండర్లలో ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రాన్ని (ఖాళీ కేసులను బయటికి నెట్టే భాగాన్ని) కదలకుండా పట్టుకునేవి రెండు చిన్న పిన్నులు, వాటికి తోడు ఛాంబర్లలోని కేసులు. ఖాళీ సిలిండర్‌తో చూస్తే నక్షత్రం కాస్త అటూ ఇటూ ఆడి, బాగున్న రివాల్వర్ కూడా చెడినట్టు కనిపిస్తుంది. ఆరూ నింపి, ఎడమచేతి వేలితో సిలిండర్ మీద కొంచెం ఒత్తిడి పెట్టి, హ్యామర్‌ను చాలా నెమ్మదిగా వెనక్కి లాగాలి. హ్యామర్ పూర్తిగా నిలిచేలోపే సిలిండర్ స్టాప్ (సిలిండర్‌ను ఆపే గొళ్ళెం) గాడిలో పడిన టిక్కు వినపడాలి. మనదానిలో ఐదు సరిగ్గా పడ్డాయి. ఒక్క ఛాంబర్ హ్యామర్ నిలిచాక, వేలితో రవ్వంత నెడితే గానీ పడలేదు. మార్కరుతో దానికి 4 అని రాసుకున్నాం. బేరానికి ఇది పనికొస్తుంది.

పుష్-ఆఫ్: హ్యామర్ కాక్ చేసి వెనక నుంచి బొటనవేలితో గట్టిగా నెట్టాలి. జారిందంటే ఎవరో లోపల సియర్‌ను (కాక్ చేసిన హ్యామర్‌ను పట్టి ఉంచే అంచును) రాయితో అరగదీశారని అర్థం, అక్కడే వదిలేసి వచ్చేయాలి. మనది జారలేదు.

బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు: సిలిండర్‌ను వెనక్కి నొక్కి పట్టి కొలిస్తే 0.007 అంగుళం రేకు దూరింది, 0.008 దూరలేదు. ముందుకు నొక్కి పట్టి కొలిస్తే 0.003 మాత్రమే. ఈ రెండింటి తేడా 0.004. అదే ఎండ్‌షేక్, మన మెకానిక్కుల మాటలో ముందూవెనకల ఆట. 0.002 లోపు ఉంటే బాగున్నట్టు. సందు విషయానికొస్తే 0.004 నుంచి 0.006 హాయి, 0.008 దాకా సర్దుకోవచ్చు, 0.010 దాటితే పక్కవాళ్ళ మీద సీసం రవ్వలు పడతాయి.

ఫోర్సింగ్ కోన్‌లో, అంటే బ్యారెల్ వెనక చివరి గరాటు భాగంలో, పగుళ్ళు లేవు. బ్యారెల్ లోపల ఉబ్బిన వలయం ఏదైనా ఉందా అని వెలుగుకు ఎదురుపెట్టి చూశాం, లేదు. ఫ్రేమ్ పైపట్టీ అడుగున సందుకు ఎదురుగా మంట కోసిన సన్నటి గీత ఉంది. చూసి భయపడేవాళ్ళు ఎక్కువ, నిజానికి అది కొంత లోతుకు వెళ్ళి ఆగిపోతుంది.

విప్పడం

ఫ్లాట్ స్క్రూడ్రైవర్ మొన మామూలు ఉలిలా ఏటవాలుగా ఉంటే స్క్రూ గాడి చెడుతుంది. తుపాకీ పనికి రెండు పక్కలా లోపలికి గుంటగా తీసిన మొనలే కావాలి. సైడ్‌ప్లేట్‌కు (పక్క మూతకు) మూడు స్క్రూలు. ముందుది యోక్‌ను పట్టి ఉంచేది, దాన్ని మిగతావాటితో కలపకుండా వేరే మూతలో పెట్టాలి. ప్లేట్‌ను ఎప్పుడూ సందులో స్క్రూడ్రైవర్ దూర్చి లేపకూడదు, అంచు పోతే మళ్ళీ అతకదు. గ్రిప్పు ఊడదీసి, రివాల్వర్‌ను ప్లేట్ పైకి ఉండేలా పట్టుకుని, గ్రిప్ ఫ్రేమ్ మీద స్క్రూడ్రైవర్ చెక్కపిడితో టకటకా కొడుతుంటే ఆ అదురుకు అదే లేస్తుంది. లేవగానే హ్యామర్ బ్లాక్ అనే సన్నటి పుల్ల కింద పడిపోతుంది. రివాల్వర్ కిందపడితే హ్యామర్ ప్రైమర్‌ను తాకకుండా కాపాడేది అదే. బిగించేటప్పుడు అది లేకపోయినా రివాల్వర్ మామూలుగానే పనిచేస్తుంది, అందుకే మర్చిపోయేవాళ్ళున్నారు.

లోపల ఉన్నది అరుగుదల కాదు, ఎండి గోధుమరంగు పూతలా గట్టిపడ్డ పాత నూనె. రీబౌండ్ స్లైడ్ (ట్రిగ్గర్‌ను తిరిగి ముందుకు నెట్టేది) కదిలే చోట, హ్యాండ్ (సిలిండర్‌ను తిప్పే పుల్ల) వచ్చే కిటికీలో మసి ముద్దలు. కిరసనాయిల్ లాంటి మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, గాలికొట్టి, తర్వాత నూనె: హ్యామర్ పిన్ను మీద ఒక చుక్క, ట్రిగ్గర్ పిన్ను మీద ఒకటి, స్లైడ్ కింద ఒకటి, హ్యాండ్ పక్కన సగం. ఎక్కువ పోస్తే మళ్ళీ ఇదే పూత తయారవుతుంది.

ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద చూస్తే కాలని పొడి రేకులు చదునై అతుక్కుని ఉన్నాయి. అవి గీకేసి, ఆరు స్నాప్ క్యాప్‌లతో మళ్ళీ చూస్తే నాలుగో ఛాంబర్ టైమింగ్ సరిపోయింది. హ్యాండ్ మార్చనక్కర్లేకుండా పోయింది. టైమింగ్ పోయిందని అమ్మేసే రివాల్వర్లలో ఇలాంటివి చాలానే ఉంటాయి. ముందు బ్రష్షు, ఆ తర్వాతే పార్టుల సంగతి.

ఎండ్‌షేక్ షిమ్

ముందూవెనకల ఆటను అలాగే వదిలేస్తే రెండు నష్టాలు. ఫైరింగ్ పిన్ తగలగానే సిలిండర్ ముందుకు జారి దెబ్బలో కొంత బలాన్ని తినేస్తుంది, ప్రైమర్ పేలకపోవచ్చు. రెండోది, వేడెక్కి మసి పట్టాక ఆ 0.003 సందు మూసుకుపోయి సిలిండర్ ముఖం బ్యారెల్‌ను రాసుకుంటుంది.

షిమ్ అంటే 0.002 అంగుళం మందం ఉన్న ఉంగరం. యోక్ గొట్టం చివర, సిలిండర్ లోపల కూర్చుంటుంది. దాన్ని వేయాలంటే ఎజెక్టర్ రాడ్ (నక్షత్రాన్ని నెట్టే కడ్డీ) విప్పాలి. దీని మర ఎడమచేతి మర. ముందునుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితే ఊడుతుంది. మామూలు మరలాగా ఎదురు తిప్పితే ఇంకా బిగుసుకుని, పట్టకారు తెచ్చి రాడ్ వంచేసేదాకా పోతుంది వ్యవహారం. విప్పే ముందు ఆరు ఛాంబర్లలోనూ ఖాళీ కేసులు పెట్టాలి, లేకపోతే తిప్పే బలమంతా ఆ రెండు చిన్న పిన్నుల మీద పడి తెగుతాయి. రాడ్‌ను పట్టకారుతో నేరుగా పట్టకూడదు. దానికోసమే అమ్మే పనిముట్టుంది, లేదా డ్రిల్ చక్‌లో తోలు చుట్టి పట్టుకోవచ్చు.

ఒక షిమ్ వేశాక ముందుకు నొక్కిన కొలత 0.003 నుంచి 0.005కు వచ్చింది. వెనక్కి నొక్కినది 0.007 దగ్గరే ఉంది. షిమ్ ముందుకు జరగడాన్ని మాత్రమే ఆపుతుంది, అసలు సందును తగ్గించదు. అది ఎక్కువగా ఉంటే బ్యారెల్ తీసి ఒక మర లోపలికి జరపాలి, అది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) పని. మనకు మిగిలిన ఆట 0.002, అంతకంటే తగ్గించే ప్రయత్నం చేయలేదు. సిలిండర్ వేళ్ళతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, ఏ చోటా పట్టకూడదు. పడుతుంటే రాడ్ వంగి ఉండొచ్చు.

ట్రిగ్గర్

కొన్నప్పుడు డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ లేచి పడే) లాగుడు 13 పౌండ్లు, అది కూడా ఇసుక నమిలినట్టు. శుభ్రం చేశాక 11.5. రీబౌండ్ స్ప్రింగును 15 పౌండ్లదానితో మార్చాక సుమారు 10.5, అంటే దాదాపు 4.8 కిలోలు. సింగిల్ యాక్షన్ (ముందే హ్యామర్ కాక్ చేసి లాగేది) 3.5 దగ్గరే ఉంది, దాని జోలికి పోలేదు. రీబౌండ్ స్లైడ్ అడుగును సన్నటి రాయితో మెరుగు పెట్టడం వరకు సరే. సియర్, హ్యామర్ గాడి మీద రాయి పెట్టకూడదు.

గ్రిప్ ముందుపట్టీ అడుగున స్ట్రెయిన్ స్క్రూ ఉంటుంది. మెయిన్‌స్ప్రింగును (హ్యామర్‌కు బలమిచ్చే స్ప్రింగును) బిగించి ఉంచేది అదే. ట్రిగ్గర్ తేలికవుతుందని దాన్ని రెండు చుట్లు వదులు చేయడం పాత చిట్కా, తప్పుడు చిట్కా. ట్రిగ్గర్ తేలికయ్యేది హ్యామర్ బలహీనపడటం వల్లే, కాబట్టి ప్రైమర్ మీద గీత పడుతుంది గానీ పేలదు. ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు మెత్తన, సీసీఐ కంపెనీవి గట్టి. ఒకదానితో పేలి ఇంకోదానితో పేలకపోతే ముందు ఈ స్క్రూ చూడాలి. మనది అర చుట్టు వదులుగా దొరికింది, చివరిదాకా బిగించాం. రీబౌండ్ స్ప్రింగు 13 పౌండ్లదీ దొరుకుతుంది. దానితో ట్రిగ్గర్ తిరిగి ముందుకు రావడం నెమ్మదిస్తుంది, త్వరగా కాల్చేవాళ్ళు పూర్తిగా వదలకముందే మళ్ళీ లాగి సిలిండర్‌ను తడబెడతారు. 15 దగ్గర ఆగడం మేలు.

డ్రై ఫైర్

కొత్త రివాల్వర్‌తో రెండు పెట్టెల తూటాలు కాల్చు, అదే సర్దుకుంటుంది అని కౌంటర్ వెనక మనిషి చెబుతాడు. సర్దుకునేది డ్రై ఫైర్‌తోనూ సర్దుకుంటుంది, మందు ఖర్చు లేకుండా. ఈ తరం 686లో ఫైరింగ్ పిన్ హ్యామర్‌కే ఉంటుంది కాబట్టి స్నాప్ క్యాప్‌లతోనే. రిమ్‌ఫైర్ (తూటా అంచును కొట్టి పేల్చే) .22 రివాల్వర్లకు ఈ మాట వర్తించదు, పిన్ను ఛాంబర్ అంచుకు కొట్టుకుని గుంట పడుతుంది. తూటాలన్నీ వేరే గదిలో ఉండాలి, ఇటుక గోడ వైపు తిరగాలి. ఫ్రంట్ సైట్ మీద నాణెం నిలబెట్టి, అది పడకుండా వరుసగా పదిసార్లు లాగగలిగితే రేంజికి సిద్ధం.

రేంజిలో

మొదటి రౌండు 158 గ్రెయిన్ల .38 స్పెషల్. ఒక్కటే నింపాలి. అది బాగుంటే రెండు, తర్వాత ఆరు. చెవులకు లోపల ప్లగ్గులూ పైన మఫ్‌లూ రెండూ ఉండాలి, పైకప్పున్న రేంజిలో .357 మోత ఒక్కదానితో ఆగదు. ఎడమచేతి బొటనవేలు సిలిండర్ ముందు అంచు దాటి వెళ్ళకూడదు. ఆ సందులోంచి వచ్చే మంట చర్మాన్ని కోస్తుంది. ఆటోమేటిక్ పిస్తోలు అలవాటున్నవాళ్ళు వేళ్ళు ముందుకు చాచి పట్టుకుంటారు, ఇక్కడ అది పనికిరాదు.

తుస్సుమని చిన్న శబ్దం వస్తే ఆపేయాలి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది. సిలిండర్ తెరిచి, కడ్డీ దూర్చి చూశాకే ముందుకు పోవాలి. కొట్టినా పేలకపోతే బ్యారెల్ ముక్కు టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి తెరవాలి.

సందుకు రెండు పక్కలా తెల్ల అట్టముక్కలు నిలబెట్టి కాల్చాం. సన్నటి మసి చారలు పడ్డాయి, సీసం ముక్కలు గుచ్చుకోలేదు. గుచ్చుకుంటే ఛాంబర్ బ్యారెల్‌కు సూటిగా నిలవట్లేదనే. కాల్చిన ప్రైమర్లను వరుసగా పేర్చి చూస్తే పిన్ను దెబ్బలు నడిమధ్యే ఉన్నాయి, నాలుగోదానికి కూడా.

ఇసుక సంచి మీద ఆన్చి 25 గజాల నుంచి, ఒక్కో ఛాంబర్‌కు ఒక్కో టార్గెట్ వేసి కొడితే ఐదు ఛాంబర్ల గుంపు ఒకే చోట, నాలుగోది అంగుళంన్నర ఎడమకు. ఆరూ కలిపి ఒకే కాగితం మీద చూస్తే చెయ్యి ఊగిందనుకుంటాం. అసలు సంగతి తెలియాలంటే విడదీయాల్సిందే. 125 గ్రెయిన్ల .357 కొన్ని కాలిస్తే గుంపు కిందికి దిగింది. బరువైన, నెమ్మదైన బుల్లెట్ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా తన్నుకు ముక్కు పైకి లేస్తుంది, అందుకే 158 పైన తగులుతుంది. వెనక సైట్‌ను .38కే సర్ది వదిలేశాం. గుర్తు తేలిక: దెబ్బ ఎటు పోవాలో వెనక సైట్ అటు జరగాలి.

సిలిండర్ బిగుసుకుంటే

కాలని పొడి నక్షత్రం కింద చేరడం అన్నిటికంటే ఎక్కువ. ఖాళీ కేసులు దులిపేటప్పుడు ముక్కు ఆకాశానికి ఎత్తి, రాడ్‌ను అరచేత్తో ఒక్కసారి గట్టిగా కొడితే పొడి కిందికి పోతుంది. రివాల్వర్‌ను అడ్డంగా పట్టుకుని మెల్లగా నెడితే నక్షత్రం కిందికి చేరుతుంది. జేబులో పాత టూత్‌బ్రష్ ఉంచుకోవాలి. రెండోది ఎజెక్టర్ రాడ్ మర వదులై ముందుకు పెరగడం. అప్పుడు సిలిండర్ తెరుచుకోదు. లాచ్ (సిలిండర్ తెరిచే మీట) నొక్కి పట్టి, సందులో కనబడే రాడ్‌ను ముందునుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిక్కుకు వేళ్ళతో తిప్పితే బిగుసుకుని వదులుతుంది. ప్రైమర్ సరిగా కూర్చోక పొడుచుకుని ఉన్న తూటా మూడోది, నింపాక వేలితో తడిమితే తెలిసిపోతుంది. తేలిక రివాల్వర్లలో తన్నుకు పక్క ఛాంబర్లలోని బుల్లెట్లు కేసులోంచి ముందుకు జారి సిలిండర్‌ను అడ్డుకోవడం ఇంకోటి. 686 బరువుకు అది అరుదు, అయినా కొత్త తూటాలు కొంటే ఐదు కాల్చి ఆరోదాని పొడవు కొలిచి చూడాలి.

త్వరగా నింపడానికి ఈ ఆరు ఛాంబర్లకు సరిపోయే హెచ్‌కేఎస్ స్పీడ్‌లోడర్ 586-ఏ. పిడి తిప్పితే వదులుతుంది. ఇక సినిమాల్లోలా మణికట్టు విదిలించి సిలిండర్ మూసేవాళ్ళ చేతికి మాత్రం రివాల్వర్ ఇవ్వకండి. యోక్ వంగుతుంది, మన కొలతలన్నీ గంగపాలు.

శుభ్రం

.38 ఎక్కువగా కాలిస్తే పొట్టి కేసు ఆగే చోట ఛాంబర్‌లో మసి వలయం కడుతుంది. అది పేరుకుంటే .357 కేసులు సగంలో ఆగిపోతాయి, కాల్చాక ఊడిరావు. ఛాంబర్ కొలతకు ఒక సైజు పెద్ద కంచు బ్రష్షు, సాల్వెంట్, ఒక్కో ఛాంబర్‌కు పదిసార్లు. సిలిండర్ ముఖం మీది నల్లని వలయాలు పోవాలంటే సీసం తుడిచే గుడ్డ ఉంది, స్టెయిన్‌లెస్‌కు బాగుంటుంది. బ్లూ పూత ఉన్నదానిమీద వాడితే పూతా పోతుంది.

చేతులు చన్నీళ్ళతో, సబ్బుతో కడగాలి. సీసం ధూళి బట్టలకు, చెప్పులకు అంటుకుని వస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు ఇక్కడ బాగా కలిసొస్తుంది. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతక్కూడదు. రివాల్వర్ ఖాళీ చేసి తాళం పెట్టెలో, తూటాలు వేరే తాళంలో.

మిగిలిన పని

నాలుగో ఛాంబర్ గొంతు (ముందువైపు సన్నబడే భాగం) కొలవాలి. 0.358 అంగుళం బుల్లెట్‌ను ముందువైపు నుంచి వేలితో నొక్కితే మిగతా ఐదింటిలో కొంచెం పట్టుతో దిగుతోంది. ఇందులో అసలు దిగట్లేదు, అంటే గొంతు బిగుతు. పిన్ గేజులు (రంధ్రం కొలిచే కడ్డీలు) తెప్పించి ఎంత బిగుతో తేల్చాక, అవసరమైతే ఆ ఒక్కదానికే రీమర్ (రంధ్రం పెంచే పనిముట్టు) వేయించాలి. దానికి ముందు స్ట్రెయిన్ స్క్రూ, రాడ్ మర, సైడ్‌ప్లేట్ స్క్రూలు మరోసారి సరిచూడాలి. మొదటిసారి కాల్చాక అవి కొంత వదులవుతాయి.